కెప్టెన్ వ్రుంగెల్ సాహసాలు: సోవియట్ పాటల కార్టూన్ సీరియల్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత సోవియట్ పిల్లల పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్లు మన దగ్గర ఇప్పటికీ చాలామందే ఉన్నారు. వాళ్ల మధ్య వ్రుంగెల్ పేరు ఎత్తితే చాలు, ప్రశ్నలు మొదలవుతాయి. నవల చదివినవాళ్లు సీరియల్ గురించి అడుగుతారు. సీరియల్‌లో ఏదో ఒక పాట విన్నవాళ్లు అది ఎక్కడిదని అడుగుతారు. ఆ ప్రశ్నలన్నిటికీ తెలిసినంతలో జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు ఏమిటీ సీరియల్?

1976 నుంచి 1979 దాకా కీవ్ నగరంలోని కీవ్‌నౌచ్‌ఫిల్మ్ స్టూడియోలో తయారైన యానిమేషన్ సీరియల్ ఇది. టీవీ కోసమే తీశారు. మొత్తం 13 భాగాలు, ఒక్కొక్కటి దాదాపు పది నిమిషాలు. అన్నీ వరసగా చూస్తే ఒక తెలుగు సినిమా చూసినంత సేపు కూడా పట్టదు. దర్శకుడు దావీద్ చెర్కాస్కీ, సంగీతం గేయోర్గీ ఫిర్తిచ్, పాటలు యెఫీమ్ చెపోవెత్‌స్కీ, బొమ్మల రూపకర్త రద్నా సహల్తుయేవ్. ఆంద్రేయ్ నెక్రాసోవ్ రాసిన హాస్య నవల దీనికి మూలం.

పిల్లల కార్టూన్ అనగానే తేలిగ్గా తీసుకునేవాళ్లున్నారు. అక్కడి పెద్దవాళ్లు నాలుగు దశాబ్దాల తర్వాత కూడా ఇందులోని మాటలను రోజూ మాట్లాడే మాటల్లో వాడుతున్నారంటే, దీని పట్టు ఏపాటిదో ఊహించుకోవచ్చు.

మూల నవలలో ఏముంది?

నావికా పాఠశాలలో పాఠాలు చెప్పుకునే ఒక పెద్దాయన ఉంటాడు. పేరు క్రిస్తఫోర్ బొనిఫాత్యెవిచ్ వ్రుంగెల్. నెమ్మదైన మనిషి, చెప్పేది పుస్తకాల చదువు. ఈయన ఏనాడైనా సముద్రం మీదకి వెళ్లాడా అని విద్యార్థులకు అనుమానం. ఒకసారి జలుబు చేసి ఆయన ఇంటిపట్టున ఉండిపోతే, చూసిపోదామని ఒక విద్యార్థి వెళ్తాడు. ఆ గదినిండా సముద్రయానపు గుర్తులే. అప్పుడు గురువుగారు నోరు విప్పి, చిన్న తెరచాప పడవలో తాను ప్రపంచమంతా చుట్టి వచ్చిన వైనం మొదలుపెడతాడు. నవలంతా ఆయన నోటి కథే.

తోడుగా లోమ్ అనే సహాయకుడు ఉంటాడు. మనిషి నిలువెత్తు, గొంతు ఖంగుమంటుంది, బుర్ర మాత్రం కొంచెం నిదానం. తర్వాత ఫుక్స్ అనే పేకాటరాయుడు కళాసీగా చేరతాడు. పడవ మీద ఏ తాడును ఏమంటారో ఫుక్స్‌కు ఒక్క ముక్కా తెలియదు. నేర్పించే తీరికా లేదు. వ్రుంగెల్ ఏం చేస్తాడంటే, తాళ్లకు పేకముక్కలు గుర్తులుగా కట్టేస్తాడు. ఇక ఆజ్ఞలన్నీ పేకాట భాషలోనే. కళావరు ఆసు లాగమంటే ఫుక్స్ క్షణం ఆలస్యం చేయకుండా సరైన తాడు పట్టి లాగుతాడు. నవలలో నాకు బాగా నచ్చిన ఘట్టాల్లో ఇదొకటి. చదువు రానివాడికి వాడికి వచ్చిన భాషలోనే పని నేర్పించడం కదా అది! అబద్ధాల కథలో దాక్కున్న మంచి బోధనా పద్ధతి.

ఇంకా ఎన్నో ఉన్నాయి. నార్వేలో ఎక్కించుకున్న ఉడతలను చక్రాల్లో పరిగెత్తించి పడవ నడిపిస్తారు. జలుబు చేసిన తిమింగలానికి ఆస్పిరిన్ వేస్తే అది తుమ్మిన తుమ్ముకు పడవ ఎక్కడికో ఎగిరిపడుతుంది. హవాయిలో దిగితే వీళ్లను సంగీత బృందం అనుకుంటారు, కచేరీ చేయక తప్పదు. ఇవన్నీ ఆయన నవ్వకుండా, తొణక్కుండా, పాఠం చెబుతున్నట్టే చెప్పుకుపోతాడు.

నవల చివర నేల మీది పాఠకుల కోసమంటూ సముద్ర పదకోశం ఒకటి ఉంటుంది. దాన్ని వదిలేయకండి. కథ ఎంత సరదాగా ఉంటుందో అదీ అంత సరదాగా ఉంటుంది, పైగా అందులో నేర్చుకోవడానికీ ఉంది.

ఎప్పుడు వచ్చింది? రాసినాయన ఎవరు?

1937లో ‘పియొనేర్’ అనే పిల్లల పత్రికలో కొన్‌స్తాంతిన్ రోతోవ్ బొమ్మలతో మొదట వచ్చింది. 1939లో పుస్తకమైంది. నెక్రాసోవ్ 1907లో పుట్టి 1987 దాకా జీవించాడు. దూరప్రాచ్యంలో, పసిఫిక్ తీరంలో, సముద్రపు పనులు చేసినవాడు. అందుకే తాళ్లు, తెరచాపలు, ఆటుపోట్ల సంగతి వచ్చినప్పుడు ఆయన పొరపాటు పడడు. అబద్ధం మొదలయ్యే చోటు దాకా ప్రతిదీ నిజమే.

ఇంత నవ్వించే పుస్తకం పుట్టిన కాలం మాత్రం నవ్వుల కాలం కాదు. బొమ్మలు వేసిన రోతోవ్‌ను 1940లో అరెస్టు చేశారు, ఏళ్ల తరబడి నిర్బంధ శిబిరాల్లో మగ్గాడు. ఆయన నిర్దోషి అని ప్రకటించింది 1954లో. రోతోవ్ గీసిన ఆ కులాసా గీతలు చూసినప్పుడల్లా ఈ సంగతి నాకు గుర్తుకు వస్తుంది.

వ్రుంగెల్ నిజంగా ఉన్నాడా?

వ్రుంగెల్ లేడు, వ్రోన్‌స్కీ ఉన్నాడు. దూరప్రాచ్యంలో నెక్రాసోవ్ పనిచేసిన చోట ఆయన పైఅధికారి ఆంద్రేయ్ వ్రోన్‌స్కీ. అనుభవం ఉన్న నావికుడు, కబుర్ల పోగు. సముద్రం మీద జరిగినవీ జరగనివీ కలిపి గంటల తరబడి చెప్పేవాడట. ఆ చెప్పే తీరే నవలకు బీజమైంది. మన పల్లెల్లో రచ్చబండ దగ్గర ఇలాంటి పెద్దమనిషి ఒకడు తప్పకుండా ఉంటాడు. ఆయన కోతలు కోస్తున్నాడని అందరికీ తెలుసు, అయినా ఎవరూ లేచి వెళ్లరు.

పడవ పేరు కథ ఏమిటి? అందరూ దాని గురించే మాట్లాడతారెందుకు?

పడవకు ‘పబేదా’ అని పేరు పెడతారు, అంటే విజయం. వెనకవైపు పెద్ద అక్షరాలతో రాయిస్తారు. జనం వచ్చారు, వీడ్కోళ్లు అయ్యాయి, తెరచాప ఎత్తారు. పడవ కదలదు. నవలలో దీనికి చెప్పే కారణం చూడండి: పచ్చి కలపతో కట్టారు, ఒడ్డున ఉన్నన్నాళ్లలో ఆ చెక్కలు చిగురు వేసి, వేళ్లు దించి, నేలను పట్టేసుకున్నాయి! బలవంతంగా లాగితే పడవ కదిలింది గానీ, వెనక చెక్క కొంత ఊడిపోయింది. దాంతోపాటు రష్యన్ లిపిలో రాసిన పేరులోని మొదటి రెండు అక్షరాలూ (మన ‘ప’) పోయాయి. మిగిలింది ‘బెదా’. రష్యన్‌లో ఆ మాటకు కష్టం, ఆపద అని అర్థం. విజయం పేరిట బయలుదేరినవాళ్లు ఆపద అనే పడవలో ప్రపంచం చుట్టి వస్తారు.

సీరియల్‌లో దీని మీద ఒక పాట కట్టారు. పడవకు ఏ పేరు పెడితే అది ఆ తీరుగానే సాగుతుందని దాని భావం. ఆ వాక్యం పాటలోంచి బయటికి వచ్చి సామెత అయిపోయింది. కొత్త దుకాణానికి పేరు పెడుతున్నా, కంపెనీ పేరు మారుస్తున్నా రష్యన్ మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఈ ముక్కే అంటారు. అది పాటలోని మాటే అని గుర్తులేనివాళ్లు కూడా అంటారు. పేరుబలం చూసి గానీ సినిమా పేరు ఖాయం చేయని మనకు ఈ పాట వెంటనే ఎక్కుతుంది.

నవల చదివాను. సీరియల్ చూస్తే కథ వేరేగా ఉంది. ఇది మోసం కాదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. నవల అభిమానులు కొందరు కోపంగానే అడుగుతారు.

తేడా నిజమే, చాలా పెద్దదే. నవలలో వ్రుంగెల్‌ను వెంటాడేది హమురా కుసాకి అనే జపాన్ అడ్మిరల్. 1937లో సోవియట్ దేశానికీ జపాన్‌కూ మధ్య ఉన్న ఉద్రిక్తత ఆ పాత్రలో కనిపిస్తుంది. ముస్సోలినీ ఇటలీ మీదా వెక్కిరింపు ఉంది. నలభై ఏళ్ల తర్వాత ఆ రాజకీయం పిల్లలకు ఏం అర్థమవుతుంది? చెర్కాస్కీ బృందం దాన్ని పక్కన పెట్టి కొత్త కథ అల్లింది. మ్యూజియంలో వీనస్ విగ్రహం దొంగతనం జరుగుతుంది. దాన్ని ఎత్తుకొచ్చినవాడు ఫుక్స్. పెద్ద తీగవాద్యం పెట్టెలో విగ్రహాన్ని దాచుకుని, ఎక్కాల్సిన పడవ కాకుండా పొరపాటున ‘బెదా’ ఎక్కేస్తాడు. ఇక వాడి వెనక ఇద్దరు ఇటాలియన్ ముఠా మనుషులు, వాళ్ల వెనక జేమ్స్ బాండ్‌ను వెక్కిరించే సున్నా సున్నా ఎక్స్ అనే గూఢచారి. పడవల పందెం, వెంటబడటం, తప్పించుకోవడం, ఇదే సీరియల్ నడక.

ఇంత మార్చినా ఇది నవలకు ద్రోహం కాదనే నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

నవలలోని రసమంతా కథలో లేదు, చెప్పడంలో ఉంది. గాలి ఏ దిక్కు నుంచి వీచింది, తెరచాప ఎలా తిప్పాలి, అక్షాంశం ఎంత, ఇలా నిఖార్సైన నిజాలు వరసగా చెప్పి, అదే గొంతుతో మధ్యలో ఒక అబద్ధం దించుతాడు వ్రుంగెల్. నిజం నడుమ కూర్చోబెట్టడం వల్లే ఆ అబద్ధం మెరుస్తుంది. ఇప్పుడు దీన్ని తెర మీదకి తేవాలి. చెప్పేవాడిని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడిస్తే పది నిమిషాలకు పిల్లలు లేచిపోతారు. చెప్పిందాన్నల్లా బొమ్మగా గీసి చూపిస్తే ఇంకో చిక్కు. కార్టూన్‌లో తిమింగలం తుమ్మితే ఆశ్చర్యమేముంది? కార్టూన్‌లో ఏదైనా జరుగుతుంది. అక్కడ అబద్ధానికి అబద్ధపు రుచే పోతుంది.

చెర్కాస్కీ కనిపెట్టిన ఉపాయం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఆయన నిజమైన సముద్రాన్ని కెమెరాతో తీసి, ఆ నీళ్ల మీద గీసిన పడవను నడిపించాడు. అలలు నిజం, నురుగు నిజం, పడవ కాగితం. వ్రుంగెల్ నాలుక చేసే పనినే ఇక్కడ బొమ్మ చేస్తోంది: నిఖార్సైన సముద్రం మీద పచ్చి అబద్ధం. సంఘటనలు పోయినా ఆ పద్ధతి పోలేదు. నవలను చదివి దాని సంఘటనలను వరసగా బొమ్మలు కట్టే దర్శకులు చాలామంది ఉంటారు. రచయిత ఎలా అబద్ధమాడాడో పట్టుకుని అదే విద్యను తన పనిముట్లతో చేసి చూపినవాడు అరుదు.

బొమ్మలు ఎలా కదిలించారు?

ఒకే పద్ధతి కాదు. పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకుల మీద గీసే మామూలు సెల్ యానిమేషన్ కొంత. కాగితంతో కత్తిరించిన బొమ్మలను ముక్కలుగా జరుపుతూ ఒక్కో ఫ్రేమూ తీసే కత్తిరింపు యానిమేషన్ కొంత. వీటికి ఫొటోలు, నిజమైన సముద్రపు దృశ్యాలు కలిపారు. గట్టిగా పరీక్షించి చూస్తే ఒక్కోచోట అతుకు కనిపిస్తుంది. ఆ అతుకును దాచాలని వాళ్లు తాపత్రయపడలేదు, అదే దీని అందం. ఒక భాగాన్ని ఆపి ఆపి చూడండి. పడవ అంచు దగ్గర గీత గట్టిగా, నల్లగా ఉంటుంది, దాని వెనకే నీళ్ల మీద వెలుగు వణుకుతూ ఉంటుంది. రెండు వేర్వేరు లోకాలు ఒకే చట్రంలో.

పాత్రల రూపాలు రద్నా సహల్తుయేవ్‌వి. సైబీరియాలోని బుర్యాత్ ప్రాంతం నుంచి వచ్చి కీవ్‌లో స్థిరపడ్డ చిత్రకారుడు. పొట్టి వ్రుంగెల్, పొడుగు లోమ్, టోపీ కింద బిక్కమొహం వేసుకునే ఫుక్స్. ముగ్గురినీ పక్కపక్కన నిలబెడితే మాట లేకుండానే నవ్వు వస్తుంది.

ఇన్ని పాటలు ఎందుకు?

సినిమాలో పాట ఎందుకు అని మనం అడగం గానీ, కార్టూన్ సీరియల్ అనేసరికి ఈ అనుమానం వస్తుంది.

పది నిమిషాల భాగంలో ఒక పాత్రను పరిచయం చేయాలి, వాడి స్వభావం చెప్పాలి, కథ నడపాలి. ఒక పాట ఆ మూడు పనులూ చేసిపెడుతుంది. ఇటాలియన్ ముఠా జంట పాటే తీసుకోండి. మేం బందిపోట్లం, మాకు పిస్తోళ్లున్నాయి అని ఉత్సాహంగా పాడతారు. రష్యన్ మాటలకు ఇటాలియన్ తోకలు తగిలించి, అర్థమయ్యీ కానట్టుండే ఒక బడాయి భాషను చెపోవెత్‌స్కీ పుట్టించాడు. ఆ పాట వినగానే వీళ్లు ఎంత దొంగలో, అంత దద్దమ్మలని తెలిసిపోతుంది. పిల్లలకు భయం వేయదు. గూఢచారికి ఇంకో తరహా సంగీతం, హవాయికి ఇంకో తరహా. ఒక్కో పాటా ఒక్కో దేశపు సంగీతాన్ని ఆటపట్టిస్తుంది.

ఫిర్తిచ్ లెనిన్‌గ్రాద్ సంగీతకారుడు, 1938లో పుట్టాడు, 2016లో పోయాడు. గంభీరమైన ఆధునిక సంగీతం రాసినవాడే కార్టూన్ పాటకూ అంతే శ్రద్ధ పెట్టాడు. పిల్లలకే కదా, ఏదో ఒకటి వాయించేద్దాం అన్న అలసత్వం ఒక్క పాటలోనూ వినబడదు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వాద్యాల కూర్పు వినండి, నా మాట అబద్ధమో నిజమో తెలుస్తుంది.

చెపోవెత్‌స్కీ కీవ్‌లో 1919లో పుట్టిన కవి, పిల్లల కోసమే ఎక్కువ రాశాడు. చివరి రోజుల్లో అమెరికా వెళ్లి 2014లో చికాగోలో కన్నుమూశాడు. ప్రాసల మీద ఆయన పట్టు తెలుగువాళ్లకు భాష రాకపోయినా వినిపిస్తుంది.

వ్రుంగెల్ గొంతు ఎవరిది?

జినోవీ గెర్ద్త్. 1916లో పుట్టాడు, 1996లో పోయాడు. మాస్కోలోని ఒబ్రజ్‌త్సోవ్ బొమ్మలాట థియేటర్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన నటుడు. యుద్ధంలో కాలికి పెద్ద గాయమై జీవితాంతం కుంటుతూ నడిచాడు. తెర వెనక నిలబడి బొమ్మకు ప్రాణం పోసిన అనుభవం ఆ గొంతులో ఉంది. కొంచెం బొంగురుగా, తీరిగ్గా, ఎదుటివాడు నమ్మాడా లేదా అన్న చింత లేకుండా మాట్లాడతాడు. వ్రుంగెల్‌కు కావలసింది సరిగ్గా అదే. గొంతులో కొంటెతనం ఒక్క పిసరు ఎక్కువైనా పాత్ర చెడిపోయేది.

లోమ్‌కు గొంతు ఇచ్చింది కీవ్ నటుడు యెవ్‌గేనీ పపేర్నీ. చెర్కాస్కీ తర్వాతి సీరియళ్లలోనూ ఈయన గొంతు వినిపిస్తుంది.

ఇది రష్యా వాళ్లదా, ఉక్రెయిన్ వాళ్లదా?

2022 తర్వాత ఈ ప్రశ్న బాగా పెరిగింది. కీవ్, హార్కివ్, వినిత్సా లాంటి ఊళ్లలో వైద్యం చదివి యుద్ధంలో వెనక్కి వచ్చిన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లకు ఇది పత్రికల్లో చదివి వదిలేసే విషయం కాదు.

సోవియట్ కాలంలో, కీవ్‌లోని స్టూడియోలో, రష్యన్ భాషలో తయారైంది. దర్శకుడు చెర్కాస్కీ 1931లో ఉక్రెయిన్‌లోని ష్పోలాలో పుట్టాడు. కీవ్‌లో ఇంజనీరింగ్, నిర్మాణ విద్య చదివి, ఆ పని వదిలి 1959లో యానిమేషన్‌లోకి వచ్చాడు. దేశం విడిపోయినా కీవ్ వదలకుండా 2018లో అక్కడే పోయాడు. ఈ బృందాన్ని ఒకచోట చేర్చి ఈ శైలిని పుట్టించిన ఊరు కీవ్. రాజధాని మాస్కో కాబట్టి అన్నిటినీ గంపగుత్తగా రష్యన్ కార్టూన్లు అనేయడం చాలాకాలంగా ఉన్న అలవాటు. అది మానుకోవడం మంచిది. కీవ్ స్టూడియోకు దాని సొంత బాణీ ఉంది. మాస్కోలోని సోయుజ్‌ముల్త్‌ఫిల్మ్ స్టూడియో బొమ్మలతో పోల్చి చూస్తే, ఇక్కడ గీత గరుకుగా, హాస్యం మోటుగా, వేగం ఎక్కువగా ఉంటుంది.

పిల్లలకు చూపించవచ్చా?

ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకు నిరభ్యంతరంగా చూపించవచ్చు. రక్తపాతం లేదు, బెదిరించే దృశ్యాలు లేవు. పొగాకు పైపు ఉంది, తుపాకులు ఉన్నాయి, విగ్రహం వీనస్‌ది కాబట్టి దుస్తులు లేవు. ఇవి ముందే తెలిస్తే మంచిది. ఇంకొక్క సంగతి పక్కన కూర్చుని చెప్పాల్సి ఉంటుంది. దూరదేశాల మనుషులను గీసిన తీరులో ఆ కాలపు వ్యంగ్య చిత్రాల వాసన ఉంది. నవలలోనూ ఉంది. దాన్ని చూసీ చూడనట్టు పోనివ్వకుండా, అప్పట్లో ఇలా గీసేవారు, ఇప్పుడు ఎందుకు గీయకూడదు అని ఒక మాట చెబితే పిల్లలకు అర్థమవుతుంది.

రష్యన్ రాదు. ఎలా చూడాలి?

సబ్‌టైటిళ్లు ఉన్న ప్రతిని వెతుక్కోండి. అయితే పాటలు వచ్చినప్పుడు కింది అక్షరాలు చదవకండి. మొదటిసారి పాటను పాటలాగే వినండి, బొమ్మ చూడండి. తర్వాత వెనక్కి తిప్పి అర్థం చదువుకోండి. అర్థాల వెంట కళ్లు పరిగెడితే అలలు చూడటం తప్పిపోతుంది.

పిల్లల పక్కన కూర్చుని మీరే తెలుగులో చెబుతూ పోవడం ఇంకా మంచి పద్ధతి. మీకు అర్థం కానిచోట మీరే కల్పించి చెప్పండి. వ్రుంగెల్ కథకు అంతకన్నా తగిన అనువాదం ఉండదు.

సోవియట్ పుస్తకాలతో తెలుగువాళ్లకున్న అనుబంధం గురించి విన్నాను. అది ఎంతవరకు నిజం?

అక్షరాలా నిజం. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, తర్వాత రాదుగ, తెలుగులో పుస్తకాలు అచ్చువేసి పంపేవి. ఉప్పల లక్ష్మణరావు, రాళ్లబండి వెంకటేశ్వరరావు వంటి వాళ్లు మాస్కోలోనే ఉండి అనువాదాలు చేశారు. వాటిని ఊరూరా చేర్చింది విశాలాంధ్ర. నగరాల్లోని దుకాణాలే కాకుండా, పుస్తకాలు నింపుకున్న విశాలాంధ్ర వ్యాన్ పల్లెలకూ వెళ్లేది. మందపాటి అట్ట, నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, ధర చూస్తే నామమాత్రం. ఒక తరం తెలుగు పిల్లలు మంచును, భల్లూకాన్ని, సమోవార్ అనే టీ పాత్రను చూడకుండానే ఎరిగి ఉండటానికి కారణం అదే.

ఆ పుస్తకాలు చేతికి వచ్చాయి గానీ, అదే దేశంలో అదే కాలంలో తయారైన కార్టూన్లు అంత విరివిగా మన ఇళ్లకు రాలేదు. పుస్తకాలను బీరువాలో దాచుకుని కార్టూన్లను ఒక్కసారీ చూడని పెద్దవాళ్లే నన్ను ఎక్కువగా అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

నటీనటులతో తీసిన వ్రుంగెల్ సినిమా కూడా ఉందట కదా?

ఉంది. 1978లో వచ్చింది, మిఖాయిల్ పుగోవ్‌కిన్ వ్రుంగెల్‌గా నటించాడు. ఆయన మంచి హాస్యనటుడు. అయినా మనిషి మొహం మీద ఈ అబద్ధాలు అంతగా నప్పలేదని నా అభిప్రాయం. రెండింటిలో ఒకటే చూసే వీలుంటే కార్టూనే చూడండి.

ఇది నచ్చితే తర్వాత ఏం చూడాలి?

చెర్కాస్కీవే రెండున్నాయి. ‘డాక్టర్ అయ్‌బొలీత్’ 1980ల మధ్యలో వచ్చిన ఏడు భాగాల సీరియల్, సంగీతం మళ్లీ ఫిర్తిచ్‌దే. 1988లో వచ్చిన ‘నిధి దీవి’ స్టీవెన్‌సన్ నవల ఆధారంగా తీసింది. అందులో చెర్కాస్కీ ఇంకో అడుగు ముందుకు వేసి, కార్టూన్ మధ్యలో నిజమైన నటులతో పాటలు చిత్రించాడు. కథ మంచి పట్టులో ఉండగా బొమ్మ ఆగిపోతుంది, మనుషులు ప్రత్యక్షమై సారా వల్ల, ధూమపానం వల్ల కలిగే చేటు మీద ఆటపాటలు మొదలుపెడతారు. కొందరికి ఇది చికాకు. నాకైతే, సముద్రపు అలలతో మొదలైన ప్రయోగం అక్కడికి చేరుకోవడం సహజమే అనిపిస్తుంది. ఎక్కువమంది ‘నిధి దీవి’నే ఆయన గొప్ప పని అంటారు. నేను వ్రుంగెల్ వైపే ఉంటాను. అందులో గెర్ద్త్ ఉన్నాడు.

మధ్యలో ఏదైనా ఒక భాగం చూస్తే సరిపోతుందా?

సరిపోదు. విగ్రహం ఎవరి చేతిలో ఉందో, ఎవరు ఎవరి వెంట పడుతున్నారో మొదటి భాగాల్లోనే తెలుస్తుంది, మధ్యలో మొదలుపెడితే పాటలు మాత్రమే మిగులుతాయి. రోజుకు రెండు భాగాల చొప్పున చూస్తే వారం రోజుల్లో అయిపోతుంది. పిల్లలతో చూసేవాళ్లకు ఆ వేగం బాగుంటుంది. సీరియల్ ముందు, నవల తర్వాత. ముందే నవల చదివితే అడ్మిరల్ కుసాకి ఏడీ అని వెతుక్కుంటూ కూర్చుంటారు. సీరియల్ చూశాక చదివితే ఆయన మీకు కొత్తగా దొరుకుతాడు, తాళ్లకు పేకముక్కలు కట్టిన ఘట్టం దొరుకుతుంది, చివర ఆ పదకోశమూ దొరుకుతుంది.